చల్లారనివ్వని పిక్కలు

ఆ రోజు హాల్లో నేను చెప్పాల్సిన మాట చాలా చిన్నది. "ఈ జీడిపిక్కలు పొద్దున ఉడికించినవి, రేపటిదాకా చల్లారనిచ్చి అప్పుడు కోయండి." అంతే. ఆ సంగతి తెలిసినవాణ్ని హాలు మొత్తానికీ నేనొక్కణ్నే. చెప్పలేదు. చేతులు కట్టుకుని గోడకు ఆనుకుని నిలబడ్డాను.

తరవాత చాలా ఏళ్లు పలాస జీడి వ్యాపారుల్లో ఒక కథ నడిచింది. టెక్కలి వైపు నుంచి ఒక కాలేజీ సారు మిషను పట్టుకొచ్చాడనీ, అందరినీ కూర్చోబెట్టి జీడిపిక్కలు కోయబోయి రవ్వ చేశాడనీ. పెళ్లి భోజనాల్లో, సంఘం మీటింగుల్లో ఎవరో ఒకరు ఎత్తేవారు. మిగతావాళ్లు నవ్వేవారు. నేనూ నవ్వేవాణ్ని. ఒకటి రెండుసార్లు ఆ కథ నేనే చెప్పాను కూడా. అందుకే అసలు జరిగింది ఇప్పుడు రాస్తున్నాను.

ఆ సారు నాకు పరాయివాడు కాదు. కవిటి దగ్గర కొబ్బరి తోటల్లో ఒక పల్లె అతనిది. టెక్కలిలో ఇంటర్మీడియట్ చదివేటప్పుడు ఇద్దరం ఒకే గదిలో ఉండేవాళ్లం. చుట్టరికం లేకపోయినా మా వైపు ఈడువాళ్లు పిలుచుకున్నట్టే బావా బావా అనుకునేవాళ్లం. లెక్కల్లో నన్ను గట్టెక్కించింది అతనే. నేను డిగ్రీతో ఆపేసి మా నాన్న జీడి ఫ్యాక్టరీలో కూర్చున్నాను. అతను విశాఖపట్నంలో పెద్ద చదువు చదివి, మళ్లీ మా ప్రాంతానికే వచ్చి ఇంజనీరింగు కాలేజీలో లెక్చరరు అయ్యాడు. రెండువేల సంవత్సరం దాటిన కొత్త అది.

అప్పట్లో మా ఊళ్లో పిక్కల్ని కాల్చేవారు. మంట మీద ఇనప డ్రమ్ము తిరుగుతుండేది. పిక్కలు అందులోంచి నల్లగా మండుతూ బయటికొచ్చేవి. ఆ పొగ గొంతులో పట్టుకుంటే సాయంత్రందాకా దగ్గే. కాలిన పిక్కల మీద బూడిద చల్లి గుట్టలు పోస్తే, ఆడవాళ్లు వరసగా కూర్చుని చెక్క సుత్తితో ఒక్కొక్కటే కొట్టి పప్పు తీసేవారు. పిక్క పైపెంకులో, మేం డొక్క అనేదాంట్లో, ఉండే జీడి నూనె చేతుల్ని తినేస్తుంది. ఆముదం రాసుకున్నా, బూడిద పులుముకున్నా ఆగదు. వేళ్ల చివర తోలు ఊడిపోయి ఉండేది. పప్పుచారు అన్నం కలుపుకుంటే మంటెత్తుతుందని చెంచా తెచ్చుకుని తినేవాళ్లు. వాళ్ల కంచాల పక్కన చెంచాలు చూస్తూ పెరిగినవాణ్ని కాబట్టి అదేదో నాగరికత అనుకునేవాణ్ని చిన్నప్పుడు.

మా వ్యాపారుల్లో ఒక అలవాటు ఉండేది. ఇంకో ఫ్యాక్టరీ ఆయన వస్తే ముందు గదిలో కూర్చోబెట్టి కాఫీ ఇస్తాం, పిల్లల చదువులు అడుగుతాం. ఈలోగా ఎవరో ఒకరు లేచి కాల్చే షెడ్డు తలుపు దగ్గరికి లాగుతారు. వచ్చినాయన అది చూసి ఏమీ అనుకోడు. వాళ్లింటికి మనం వెళ్తే ఆయనా అదే చేస్తాడు. మంట ఎంత, డ్రమ్ము ఎంతసేపు, నీళ్లు ఎప్పుడు చల్లాలి, ఇవి ఒక ఇంటి నుంచి ఇంకో ఇంటికి పోకూడదు. మా నాన్నకు వాళ్ల నాన్న నేర్పింది, నాకు మా నాన్న నేర్పింది, వ్యాపారం కంటే ముందు ఆ తలుపు వేయడమే.

అలాంటి తలుపు దగ్గరికి ఒక పొద్దుట బావ వచ్చాడు. పిక్కల్ని కాల్చకుండా ఆవిరిలో ఉడికించి, కాలితో తొక్కే కత్తి మిషను మీద కోస్తే పొగ ఉండదనీ, చేతులు ఇంతలా కాలవనీ చెప్పాడు. వేరేచోట్ల చేస్తున్నారని చదివాడట. మన గాలికీ మన పిక్కకీ ఎలా చేయాలో తేల్చాలంటే పుస్తకం చాలదు, ఒక ఫ్యాక్టరీ కావాలి.

మా నాన్న అతని ఇస్త్రీ చొక్కా చూసి నవ్వాడు.

"సదువుకున్నోళ్లు మా పొగలో ఏటి సేత్తారు బాబూ? బట్టలు పాడైపోతాయి."

"ఆ పొగ తీసీడానికే వచ్చేను మావా."

"తీసీ నాయినా తీసీ. మరి మేవేటి ఇవ్వాలి, మీరేటి సేత్తారు?"

"మిషను మా కాలేజీ పిల్లలు సేత్తారు. మీరు షెడ్డూ పిక్కలూ ఇవ్వండి. ఒకటే మాట మావా. ఇక్కడ ఏది తెలిసినా పలాసలో అందరికీ సెప్పీస్తాం. దాసుకోడం ఉండదు. కాలేజీ పని అది."

మా నాన్న కాఫీ గ్లాసు కింద పెట్టాడు. "అందరికీ సెప్పీస్తే ఇంక మాకేటి మిగుల్తాది?"

"ముందు తెలిసీది మీకే గదా."

నాన్న నా వైపు చూశాడు. నాకు ఉత్సాహంగా ఉంది. చదువు మధ్యలో వదిలేసినవాడికి చదువే వెతుక్కుంటూ ఇంటికొచ్చినట్టుంది. "ఒప్పుకుందాం నానా, నేను సూసుకుంటాను" అన్నాను. బావ చెయ్యి పట్టుకుని అందరికీ చెబుదామని మాట ఇచ్చింది నేనే.

ఆ తరవాతి నెలలు నాకు మంచి రోజులు. వారంలో కొన్ని సాయంత్రాలు బావ, అతని విద్యార్థులు కొందరు టెక్కలి నుంచి బస్సెక్కి వచ్చేవారు. పాత షెడ్డులో చిన్న బాయిలరు పెట్టాం. కత్తులు రెండు ఎదురెదురుగా బిగించి, కింద తొక్కుడు పలక పెట్టారు. పిక్కను మధ్యలో పెట్టి తొక్కితే డొక్క చీలాలి, లోపలి పప్పు విరక్కుండా గుండుగా రావాలి. వచ్చేది కాదు. బద్దలే వచ్చేవి. కత్తి పదును మార్చారు, వంపు మార్చారు, సందు మార్చారు. నేనూ వాళ్లతో పాటు నేలమీద కూర్చుని గీతలు గీసేవాణ్ని. మా పిక్క గురించి నాకు తెలిసినవి చెబితే వాళ్లు రాసుకునేవారు. నా మాట ఎవరైనా రాసుకోవడం అదే మొదలు.

ఆడవాళ్లకు అదంతా తమాషా. వాళ్లలో పెద్దావిణ్ని అందరం, మా వైపు అక్కను పిలిచినట్టు, అప్పా అనేవాళ్లం. ఆవిడ నోటికి మా నాన్న కూడా జడిసేవాడు.

"ఓలమ్మ, ఒక్క పిక్క సుట్టూ ఇంతమందేటే! పెళ్లిసూపులకి కూడా ఇంతమంది రారు గదా."

ఒక కుర్రాడు పిక్క తొక్కితే పప్పు నాలుగు ముక్కలై ఎగిరింది.

"పిల్లకి నచ్చనేదు బాబూ. ఇంకో పిల్లని సూడు" అంది అప్ప. బావ పడీపడీ నవ్వాడు. 

మేమందరం తప్పు కత్తిలోనే ఉందనుకున్నాం. డ్రమ్ములో కాల్చిన పిక్కను ఆ రోజే కొట్టేయాలి, నిలవుంచితే పప్పు చెడుతుంది. తరతరాలుగా మా చేతులకు అలవాటైన పద్ధతి అది. ఉడికించిన పిక్కకు కూడా అదే చేశాం. పొద్దున ఉడికించడం, వేడి తగ్గీతగ్గకుండానే కత్తి కింద పెట్టడం. రేపు కోద్దామని ఎవరికీ తోచలేదు. మా పద్ధతి నేను చెప్పాను, బావ నమ్మాడు.

ఒకరోజు పిక్కలు ఉడికి, నేలమీద గోనెల మీద పరిచిన కాసేపటికి, మా పనివాళ్లు ఉండే వీధిలో ఒక ముసలావిడ పోయిందని కబురొచ్చింది. అందరూ లేచి వెళ్లిపోయారు. ఆ పిక్కలు అలాగే పడి ఉన్నాయి. మర్నాడు పొద్దున అప్ప వచ్చి వాటినే కోయడం మొదలుపెట్టింది. నేను ముందు గదిలో ఉన్నాను. టకటకా ఆగకుండా చప్పుడు వస్తుంటే వెళ్లి చూశాను. ఆవిడ పక్కన పళ్లెంలో పప్పు తెల్లగా, నిండుగా, గుండు గుండుగా పడుతోంది.

"ఇయ్యాల ఏటో బుద్ధిగా ఉన్నాయి బాబూ పిక్కలు" అంది.

నేను ఒక పిక్క చెవి దగ్గర పెట్టుకుని ఊపాను. లోపల పప్పు కదిలింది. రాత్రంతా చల్లారి డొక్క గట్టిపడింది, పప్పు డొక్కను వదిలింది. కత్తిలో ఏ తప్పూ లేదు. అప్ప మొహంలోకి చూడకుండా, "నిన్న కత్తి సరిసేసేన్లే అప్పా, అందుకే" అన్నాను. ఎందుకలా అన్నానో ఆ క్షణంలో నాకూ తెలీదు. అబద్ధం ముందే వచ్చేసింది, దానికి కారణం తరవాత వెతుక్కున్నాను.

ముందు గదిలోకి వచ్చి ఫోను ఎత్తాను. బావ పరీక్ష పేపర్లు దిద్దే పనిలో టెక్కలిలోనే ఉన్నాడు, కాలేజీకి ఫోను చేస్తే పిలుస్తారు. రిసీవరు పట్టుకుని కాసేపు నిలబడ్డాను. చెబితే అతను ఎగిరి గంతేస్తాడు. ఆ వెంటనే పలాసంతా చెప్పేస్తాడు. ఒక్క సీజను, ఒకే ఒక్క సీజను మేము ముందుంటే? తరవాత చెప్పొచ్చు కదా? రిసీవరు పెట్టేశాను. షెడ్డు దగ్గరికి నడిచి వెళ్లి తలుపు లాగాను. మా నాన్న ఆ రోజు ఊళ్లోనే లేడు. ఆయనకు ఏమీ తెలీదు. ఆయన పెంపకం మీదికి నెట్టేద్దామని చాలాసార్లు అనిపించింది గానీ, ఆ తలుపు లాగిన చెయ్యి నాది.

బావ తిరిగొచ్చేసరికి నేను మళ్లీ పొద్దున ఉడికించిన పిక్కలే ఇచ్చాను. ఈలోగా పిల్లలు సైజుల వారీగా పిక్కలు జల్లించే జల్లెడ చేసుకొచ్చారు. దాంతో ఫలితం కొంచెం మెరుగైంది. బావకు ఆశ పుట్టింది. సంఘం హాల్లో అందరికీ చూపిద్దామని రోజు నిర్ణయించారు. ముందురోజు సాయంత్రం అతనే సందేహపడ్డాడు.

"బావా, ఇంకా సగానికి సగం ఇరుగుతన్నాయి. వాయిదా ఏద్దామా?"

"ఎందుకూ, అందరూ వత్తామన్నారు గదా" అన్నాను.

ఆ మాటలో నా లెక్క ఏమిటో ఇప్పుడైనా దాచకుండా రాయాలి. ప్రదర్శన పాడైతే ఇంకెవరూ ఆవిరి జోలికి పోరు. అది నాకు తెలుసు. తెలిసే అన్నాను.

మర్నాడు పలాస, కాశీబుగ్గ, మందస వైపు నుంచి కూడా వ్యాపారులు వచ్చారు. కాలేజీ పెద్దలు ముందు వరసలో కూర్చున్నారు. విద్యార్థులు ఉతికిన బట్టల్లో వచ్చి మిషను పక్కన నిలబడ్డారు. బావ తెల్ల చొక్కా వేసుకున్నాడు. పొద్దున మా షెడ్డులో ఉడికిన పిక్కలు ఇంకా గోరువెచ్చగా ఉన్నాయి. మిషను తొక్కింది ఒక విద్యార్థిని. మొదటిది బద్ద. రెండోది బద్ద. మూడోది నలిగిపోయింది. డొక్కలోని నూనె చింది బావ చొక్కా మీద పడింది. జీడి మరక సంగతి అక్కడున్న అందరికీ తెలుసు, ఎన్ని ఉతుకులైనా పోదు.

"మాస్టారూ, ఇది పప్పా, ఉప్మా రవ్వా?" అన్నాడు ఒకాయన.

"నూక సెయ్యడానికి బీటెక్ ఎందుకు నాయినా? మా ఇంటిదాని రోకలి సాలు."

హాలంతా నవ్వింది. ఆ అమ్మాయి తొక్కుడు పలక మీంచి కాలు తీయలేదు. ఇంకొకటి, ఇంకొకటి తొక్కుతూనే ఉంది. బావ ఆమెను ఆపి, నా వైపు తిరిగాడు. అందరూ వింటుండగా అడిగాడు.

"బావా, మీ షెడ్డులో ఇంత ఇరగనేదు గదా. నువ్వు సెప్పు."

ఇందాక నేను చెప్పకుండా ఉండిపోయానని రాశాను. అది సగమే. నేను నోరు తెరిచాను కూడా.

"మా దగ్గరా అంతే" అన్నాను.

అతను ఒక క్షణం నన్ను చూశాడు. కోపం లేదు. ఏదో తను మరిచిపోయిన దాన్ని గుర్తు తెచ్చుకుంటున్నట్టు చూశాడు. తరవాత హాలు వైపు తిరిగి, "మా ప్రయత్నంలో లోపం ఉంది, క్షమించండి" అన్నాడు. చేతులు జోడించాడు.

వారం తిరక్కుండా మిషను తీసుకెళ్లడానికి ట్రాలీ తెచ్చాడు. "దీన్ని ఇక్కడే ఉంచు బావా, అక్కడ మూల పడీస్తే తుప్పట్టిపోతాది" అన్నాను. ఉంచేశాడు. ఆ మిషనుతోనే నేను మొదలుపెట్టాను. అలాంటివి ఇంకొన్ని చేయించుకుని, ఉడికించిన పిక్కల్ని మర్నాటిదాకా ఆరబెట్టి, మా షెడ్డు తలుపు వేసి. గుండు పప్పు మా దగ్గర ఎక్కువ వస్తోందని ఊళ్లో చెప్పుకున్నారు, ఎలాగో ఎవరికీ తెలీలేదు. ఆడవాళ్లను బయట చెప్పొద్దన్నాను. మా నాన్నకు సంగతి అర్థమైంది. ఒకసారి భోజనాల దగ్గర, "ఆ బాబు మళ్లీ రానేదేటి?" అని అడిగి, కంచంలోకి చూస్తూ తిన్నాడు. బావ ఆ ఏడాది చివర కాలేజీ వదిలేసి, ఇచ్ఛాపురంలో ఒక జూనియర్ కాలేజీలో లెక్కలు చెప్పుకోవడానికి వెళ్లిపోయాడని తెలిసింది.

ఒక సీజను అనుకున్నది రెండయింది, మూడయింది. రహస్యం దాచిన కొద్దీ దాన్ని చెప్పడానికి సిగ్గు పెరుగుతుందని నాకు ముందు తెలీదు. ఒకరోజు అప్ప వాళ్ల చెల్లెల్ని వెంటబెట్టుకుని వచ్చింది. ఆమె వేరే ఫ్యాక్టరీలో కాల్చిన పిక్కలే కొడుతోంది. అప్ప తన చెయ్యి చాపి, చెల్లెలి చెయ్యి పక్కన పెట్టింది. అప్ప వేళ్లకు మరకలు లేవని కాదు, కానీ తోలుంది. చెల్లెలి వేళ్లు పచ్చిగా ఉన్నాయి.

"ఒకే తల్లి కడుపున పుట్టిన సేతులు బాబూ ఇవి. సూడు. ఆళ్ల షావుకారికి కూడా ఈ ఉడకబెట్టీది ఎలగో సెప్పరాదేటి?"

"నీ సెల్లిని మా దగ్గరికే వచ్చీమను అప్పా, పనిస్తాను" అన్నాను. దయ చూపించినట్టుగా అన్నాను.

"ఈ ఒక్కద్దీ వత్తాది. మిగిలినోళ్లు?" అంది అప్ప.

నేను ముందు గదిలోకి వెళ్లిపోయాను. వాళ్ల చెల్లెలు మర్నాటి నుంచి మా దగ్గర చేరింది. మధ్యాహ్నం ఆమె చేత్తో అన్నం కలుపుకోవడం చూడ్డానికి నెలలు పట్టింది. అది చూసిన రోజు సంతోషించాల్సింది. షెడ్డులోంచి బయటికొచ్చేశాను.

తరవాత ఆవిరి పద్ధతి పలాసకు దానంతటదే వచ్చింది. బయటి ప్రాంతం నుంచి మిషన్లు అమ్మేవాళ్లు వచ్చారు, ఆరబెట్టడం సహా అన్నీ వాళ్లే నేర్పారు. కొద్ది ఏళ్లలో డ్రమ్ములు మూలపడ్డాయి. నేను దాచింది ఇప్పుడు ఊరందరికీ తెలిసిన సంగతే. ఇంక చెప్పడానికేమీ లేదు కదా అని ఊపిరి తీసుకున్నాను.

అప్పుడు కాలేజీ నుంచి కొత్త విద్యార్థులు వచ్చారు, ఒక కొత్త మేడమ్ గారితో. హాల్లో ఆ ప్రదర్శన జరిగి అప్పటికి పదిహేనేళ్లు దాటింది. పిక్కల్ని ఆరబెట్టడానికి పట్టే సమయం తగ్గించే పని ఏదో చేద్దామని వాళ్ల ఆలోచన. సంఘం వాళ్లు నలుగురం కూర్చున్నాం. ఒక అబ్బాయి అడిగాడు.

"సార్, మా లైబ్రరీలో పాత రిపోర్టు ఒకటుంది. ఈ తీరం పిక్కలకి ఆవిరి పద్ధతి పనికిరాదు అని తేల్చారు అందులో. మా సీనియర్లు అది చూసే జీడి ప్రాజెక్టులు ఎవరూ తీసుకోలేదట. కానీ ఇక్కడందరూ ఆవిరే వాడుతున్నారు. మరి అదెలా సార్?"

"ఓ, ఆ రవ్వ మాస్టారా!" అన్నాడు నా పక్కాయన. "ఆయనకి సేతకానేదు నాయినా. అంతే. మళ్లీ మీరు మా పిక్కలు పాడుసెయ్యడానికి వచ్చేరేటి?"

అందరూ నవ్వారు. నా మొహం కూడా అలవాటు కొద్దీ నవ్వింది. ఆ అబ్బాయి తలూపి, సరే అన్నట్టు రాసుకున్నాడు. నేను దాచిన సంగతికి విలువ పోయింది నిజమే. కానీ నా అబద్ధం మాత్రం కాలేజీ అలమరాలో కూర్చుని, ఒక్కొక్క బ్యాచినీ మా గుమ్మం దాకా రాకుండా వెనక్కి పంపుతోంది. అది నాకు ఆ రోజుదాకా తెలీదు. వచ్చిన ఈ పిల్లలకు కూడా మావాళ్లు ఏ సంగతైనా వచ్చే మీటింగులో చెబుతామన్నారు. వద్దనే అర్థం.

ఆ ఆదివారం స్కూటరు తీసి కవిటి వైపు వెళ్లాను. బావ ఇల్లు తోట మధ్యలో. అరుగు మీద కొందరు పిల్లలకు లెక్కలు చెబుతున్నాడు. నన్ను చూసి లేచాడు. జుట్టు ముందువైపు పోయింది. "ఏటి బావా, దారి తప్పినావా?" అని నవ్వాడు. పిల్లల్ని పంపేశాడు. వాళ్లావిడ నీళ్ల డబ్బా వంచి గ్లాసు నింపి ఇచ్చింది. బోరు నీళ్లు కావు, తాగండన్నయ్యా అంది; ఆ వైపు బోరు నీళ్లతో కిడ్నీలు పాడవుతాయని అందరికీ భయం. గ్లాసు చేతిలో పట్టుకునే అంతా చెప్పేశాను. ముసలావిడ పోయిన రోజు, మర్నాటి గుండు పప్పు, ఫోను, వాయిదా వద్దన్న మాట.

అతను మధ్యలో ఒక్కసారి కూడా ఆపలేదు. అయిపోయాక తోట వైపు తిరిగాడు.

"అయితే ఆ కత్తి బాగానే ఉందన్నమాట" అన్నాడు.

"బాగానే ఉంది బావా. ఇప్పటికీ ఆడతాది."

"ఆ పిల్లలకి నేనేటి సెప్పేనో తెలుసా? మన కత్తే తప్పు, మన పిక్కకి ఆవిరి పడదు, అలగే రాయండి అన్నాను. మా దగ్గరా అంతే అని నువ్వన్నావు గదా మరి. నీ మాట మీద రాయించేను." అతని గొంతు పెరగలేదు. "ఆ మిషను తొక్కిన పిల్ల ఏడుసుకుంటూ అడిగింది, సార్ ఇంకోసారి సేద్దామని. నేనే వద్దన్నాను."

"నన్ను క్షమించు బావా."

"నాకు సెప్పి ఏటి లాభం? నవ్వింది నేనా? నన్ను సూసి నవ్వినోళ్లకి సెప్పు. రాసుకున్న పిల్లలకి సెప్పు. ఇక్కడ, ఈ కొబ్బరిసెట్లకి సెప్పీసి ఎల్లిపోతే నీకు నిద్ర పడతాది. నాకేటి?"

నేను తల దించుకున్నాను. అలాగే అడిగాను. "సెప్తాను. నువ్వు కూడా రా. నువ్వు నేకుండా సెప్తే మళ్లీ నీ ఎనకాల మాటాడినట్టే ఉంటాది."

వస్తానని అనలేదు, రానని అనలేదు. "నీళ్లు తాగు" అన్నాడు.

మీటింగు అదే హాల్లో. కుర్చీలు మారాయి. మేడమ్ గారు, ఆమె విద్యార్థులు పక్కగా కూర్చున్నారు. మావాళ్లు ఈసారీ మర్యాదగా సాగనంపేద్దామన్న ఉద్దేశంతోనే ఉన్నారు. మా నాన్న పెద్దవాడైపోయాడు, అయినా కర్ర పట్టుకుని వచ్చాడు. తలుపు దగ్గర అలికిడైతే చూశాను. బావ. లోపలికొచ్చి చివరి వరసలో కూర్చున్నాడు. ఒకరిద్దరు గుర్తుపట్టి, మోచేతులతో పొడుచుకున్నారు.

"ఒరే, రవ్వ మాస్టారు!"

నేను లేచి నిలబడ్డాను. ఇంట్లో ఎన్నోసార్లు అనుకున్న మాటలు ఒక్కటీ గుర్తు రాలేదు.

"ఆయన రవ్వ సెయ్యనేదు" అన్నాను. "నేను సేయించేను."

"ఏటంతన్నావు? కూకో" అన్నాడు ఎవరో నవ్వుతూ.

"కూకోను. ఇనండి. ఆ రోజు ఇక్కడ కోసిన పిక్కలు పొద్దున మా షెడ్డులో ఉడికినివి. మర్నాటిదాకా ఆరబెడితే గుండు వత్తాదని అప్పటికే నాకు తెలుసు. మా దగ్గర సూసేను. ఈ మాస్టారికి సెప్పనేదు. మీ అందరికీ సెప్తామని ఆయనకి మాటిచ్చి, దాసీసేను. ఆయన వాయిదా ఏద్దామంటే నేనే వద్దన్నాను. మీ ముందు నన్ను అడిగితే, మా దగ్గరా అంతే అని అబద్ధం ఆడేను. ఆ కత్తిలో తప్పు నేదు. ఆ మిషను తీసుకునే మేం బాగుపడ్డాం. మీరందరూ ఇంకొన్నేళ్లు పొగలో ఉన్నారు, మీ దగ్గర పన్జేసిన ఆడోళ్ల సేతులు కాలేయి. అది నా వల్ల."

ఎవరూ నవ్వలేదు. మా నాన్న కర్ర మీద రెండు చేతులూ పెట్టి నేలకేసి చూస్తున్నాడు. నేను విద్యార్థుల వైపు తిరిగాను.

"బాబూ, అమ్మా, మీ లైబ్రరీలో ఉన్న రిపోర్టు తప్పు. అది మీ సారు తప్పు కాదు, నేను సెప్పిన తప్పు. దాని మీద ఈ సంగతి రాసి పెట్టండి, కావాలంటే నేనొచ్చి సంతకం పెడతాను. మా షెడ్డు తలుపు రేపటి నుంచి తీసే ఉంటాది. ఎవురొచ్చినా సూడొచ్చు, అడగొచ్చు."

చివరి వరసకేసి చూశాను. బావ లేచి నిలబడి ఉన్నాడు, ఎందుకో. బహుశా వెళ్లిపోదామనేమో. చేతులు జోడించాను, ఆ రోజు అతను ఇదే హాల్లో జోడించినట్టుగా.

"ఆ రోజు అందరి ముందూ క్షమించండి అని నువ్వన్నావు. ఆ మాట అనాల్సింది నేను. తప్పు నాది బావా. నన్ను క్షమించు."